గాంధారి గుట్ట మీద వాన

బుచ్చన్న చనిపోయాక ఎనిమిది నెలలు సదయ్య గనిలోకి దిగలేదు.

అంతకుముందు తొమ్మిదేళ్లు అతను గోదావరిఖనిలో టింబర్‌మన్‌గా పనిచేశాడు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా ఆనుగా దుంగలు నిలబెట్టడం అతని పని. అంతకంటే ముందు కర్రతో కప్పును కొట్టి చూడాలి. గట్టి కప్పు ఖంగున పలుకుతుంది. లోపల పగులున్న కప్పు డొల్లగా మోగుతుంది. ఆ చప్పుడును బట్టి, కింద మనుషులు పనిచేయవచ్చో లేదో అతను చెప్పేవాడు. అతను ఊ అంటే తప్ప ఆ షిఫ్టులో ఎవరూ ముందుకు అడుగు వేసేవారు కాదు.

డెబ్బై ఒకటిలో, దసరా పోయిన వారం, మొదటి షిఫ్టులో సదయ్య అలాగే కప్పు కొట్టి చూసి, "మంచిగున్నది, రాండ్రి" అన్నాడు. అందరికంటే ముందు బుచ్చన్న వెళ్లాడు. బుచ్చన్న బొగ్గు ఎత్తే ఫిల్లరు, సదయ్యకు ప్రాణమిత్రుడు. అరగంట తర్వాత మంచమంత బండ ఒకటి విడిపడి బుచ్చన్న నడుము మీద పడింది. దాన్ని లేపేలోగా ఒక పావుగంట అతను మాట్లాడుతూనే ఉన్నాడు. లేపాక మాట్లాడలేదు.

విచారణ చేసిన అధికారులు ఆ పగులు కింది నుంచి కొట్టి చూస్తే తెలిసేది కాదని, ఎవరి తప్పూ లేదని రాశారు. ఆ కాగితాన్ని సదయ్యకు చదివి వినిపించారు. అతను తల ఊపి ఇంటికి వచ్చాడు. మర్నాడు దీపం తగిలించుకొని గని మొహం దాకా వెళ్లాడు, అక్కడి నుంచి కాళ్లు కదల్లేదు. వెనక్కి వచ్చి, పైన దుంగలు మోసే పని ఇవ్వమని అడిగి తీసుకున్నాడు.

తన మాట మీద తనకే పుట్టిన ఆ అనుమానం గని దగ్గరే ఆగిపోలేదు, అతనితో పాటు ఇంట్లోకి వచ్చింది. గోడకు మేకు కొట్టమంటే నాలుగు చోట్ల కొట్టి చూసి, చివరికి మేకు భార్య చేతికే ఇచ్చాడు. "వాన వచ్చేటట్టున్నదా?" అని భార్య పూలమ్మ అడిగితే, నెత్తి మీద నల్ల మబ్బు పెట్టుకొని "నాకేమెర్క" అనేవాడు. అన్నం ఉడికిందో లేదో చూడమన్నా మెతుకు పట్టుకొని అలాగే కూర్చునేవాడు. మొదట్లో పూలమ్మ కోప్పడింది. తర్వాత అడగడం మానేసింది.

బుచ్చన్న ఉన్నప్పుడు నలుగురు స్నేహితులు వారంవారం సైకిళ్ల మీద ఎటో ఒక వైపు పోయేవారు. మిగిలిన ఇద్దరిలో అంద్రెయ పెద్దవాడు. బొగ్గు కొట్టే కట్టరు, పొడుగు మనిషి, ఆదివారం పొద్దున చర్చిలో పాటలు పాడి వచ్చాకే సైకిల్ ఎక్కేవాడు. నర్సింగం చిన్నవాడు, గనిలో బొగ్గు టబ్బులు లాగే చోట పని. బుచ్చన్న పోయాక ఆ తిరుగుడు ఆగిపోయింది.

హోలీ వెళ్లిన ఆదివారం అంద్రెయ, నర్సింగం వచ్చి సదయ్య క్వార్టరు ముందు సైకిళ్లు ఆపారు.

"సదయ్యా, సైకిల్ తియ్యి. గోదారికాడికి పోయి చేపలు పడదం," అన్నాడు అంద్రెయ.

"నాతోని కాదన్నా."

"చేపలు పట్టుడు కాకపోతే ఒడ్డు మీద కూసో. కూసునుడు గూడ కాదా?"

పూలమ్మే లోపలి నుంచి సైకిల్ తీసుకొచ్చి, సీటు మీది దుమ్ము కొంగుతో తుడిచి, అంద్రెయ చేతికి అందించింది. "తీస్కపో అన్నా. ఇంట్ల గోడలు సూసుకుంట కూసుంటున్నడు," అంది.

అలా మళ్లీ మొదలైంది. ఒక వారం గోదావరి ఒడ్డు. ఒక వారం మంథని దారి. అంద్రెయ ఒక నియమం పెట్టాడు. దారి రెండుగా చీలిన ప్రతి చోటా ఎటు పోవాలో సదయ్యే చెప్పాలి. సదయ్య "నాకెర్క లేదన్నా" అంటే, అంద్రెయ సైకిల్ దిగి ఎండలో నిలబడేవాడు. నర్సింగం కూడా నిలబడేవాడు. చెమటలు కారుతున్నా ఇద్దరూ కిక్కురుమనేవారు కాదు. చివరికి సదయ్యే సిగ్గుపడి ఏదో ఒక వైపు చెయ్యి చూపేవాడు.

ఒకసారి అతను చూపిన బాట ఆరు మైళ్లు పోయి తాటివనంలో ఆగిపోయింది. సదయ్య మొహం వాడిపోయింది. "చూసినవా? నేను చెప్తే గిట్లనే అయితది," అన్నాడు.

"ఏమయింది? కల్లు దొరికింది గదా," అని నర్సింగం అప్పటికే గీత కార్మికుడితో బేరమాడుతున్నాడు. ఆ రోజు ముగ్గురూ చీకటి పడకముందే ఇల్లు చేరారు. తప్పుదారి పట్టించినందుకు ఎవరూ చావలేదన్న సంగతి ఆ వారమంతా సదయ్య మనసులో తిరుగుతూనే ఉంది.

మృగశిర కార్తె వచ్చిన వారానికి, గోదావరిలో నీళ్లు ఇంకా మోకాళ్ల లోతే ఉండగా, గాంధారి గుట్టకు పోదామన్నాడు అంద్రెయ. మంచిర్యాల అవతల అడవిలో ఉంటుంది ఆ గుట్ట. పైన పాత కోట గోడలు, రాతిలో తొలిచిన నీటి గుంటలు. సోమవారం సెలవు పెట్టి, ఆ ఒక్క వారం అంద్రెయ చర్చి కూడా మానుకొని, ఆదివారం తెల్లవారకముందే బయల్దేరారు. సైకిళ్లు భుజాన వేసుకొని ఏరు దాటారు. ఇసుకలో నడుస్తుంటే నర్సింగం రెండుసార్లు పడ్డాడు, రెండుసార్లూ సైకిల్‌నే తిట్టాడు.

నస్పూర్ దగ్గరికి వచ్చేసరికి సదయ్య తల దించుకొని గట్టిగా తొక్కసాగాడు. బుచ్చన్న తల్లి లస్మవ్వ అక్కడే కూతురింట్లో ఉంటోంది. బుచ్చన్నను మట్టి చేసిననాడు సదయ్య వెళ్లలేదు. ఆ రోజు పొద్దంతా ఏటి ఇసుకలో కూర్చున్నాడు. తర్వాత కూడా వెళ్లలేదు. అతని వెనక వస్తున్న ఇద్దరూ ఇది గమనించారు.

పది గంటలకు గుట్ట కింది పల్లెలో సైకిళ్లు పెట్టి ఎక్కడం మొదలుపెట్టారు. దారి పొడుగునా ముళ్లపొదలు, జారే రాళ్లు. ఒక చోట నిటారు బండ అడ్డం వచ్చింది. నర్సింగం భుజాల మీద నిలబడి సదయ్య పైకి పాకాడు. అక్కడి నుంచి చెయ్యి అందించి మిగతా ఇద్దరినీ లాగాడు. పొడుగాటి అంద్రెయ బరువంతా ఒక్క చేతికి వేలాడుతున్నప్పుడు, గనిలో ఆనాడు కప్పు కొట్టిన చెయ్యి అదేనని సదయ్యకు కాసేపు గుర్తులేదు.

గుట్ట మీదికి చేరేసరికి మబ్బు కమ్మి వాన మొదలైంది. పక్కనే పెద్ద బండ ఒకటి గొడుగులా ముందుకు వంగి ఉంది. ముగ్గురూ దాని కిందికి దూరారు. నర్సింగం సంచి విప్పి జొన్నరొట్టెలు బయటికి తీశాడు.

సదయ్య పైకి చూశాడు. బండ అడుగున సన్నని గీత ఒకటి, దాని వెంట నీళ్లు చెమరుస్తున్నాయి. పక్కన పడున్న కర్ర తీసి పైకి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చప్పుడు బాగా లేదనిపించింది. బాగానే ఉందేమో అని కూడా అనిపించింది. చెప్తే నవ్వుతారు, చెప్పకపోతే?

"బయటికి రాండ్రి," అన్నాడు.

మాట పూర్తి కాకముందే అంద్రెయ లేచి బయట ఉన్నాడు. నర్సింగం నోట్లో రొట్టెముక్కతోనే ఉరికాడు. ఎందుకని ఇద్దరూ అడగలేదు. ముగ్గురూ ఇరవై గజాల దూరంలో జోరువానలో కూర్చున్నారు. రొట్టెలు పిండి ముద్దలయ్యాయి. గంటసేపు కురిసి వాన వెలిసింది. ఎండ కూడా వచ్చింది. బండ ఎక్కడిదక్కడే ఉంది.

"పడలే," అన్నాడు సదయ్య.

"పడలే," అన్నాడు అంద్రెయ, అంగీ విప్పి పిండుతూ.

"ఉత్తగనే తడిపిన మిమ్ముల."

"నువ్వు రమ్మన్నవు, వచ్చినం. నువ్వు తప్పు చెప్తే తడుస్తం, తడిస్తే ఆరుతం. నువ్వు నోరు మూసుకుంటెనే మాకు భయం."

సదయ్య కర్రతో తడి మట్టిని గీశాడు. "ఆ దినం గూడ గిట్లనే కొట్టిన అన్నా. గిదే చెయ్యి. మంచిగున్నదని చెప్పిన," అన్నాడు.

అంద్రెయ అంగీ పిండడం ఆపాడు. "ఎరుక. నేను నీ పక్కనే ఉన్న గదా. నువ్వు కొట్టిన చప్పుడు నేను గూడ విన్న. నాకు గూడ మంచిగనే వినబడ్డది."

సదయ్య తల తిప్పి చూశాడు. "ఎన్నడు చెప్పకపోతివి?"

"చెప్తే నాది గూడ తప్పయితదని భయం పట్టింది. నువ్వు బొగ్గుబాయి దిగకుండ కూసున్నవు, అందరు నీ ముచ్చటే అనుకున్నరు. నన్ను ఎవ్వలు అడగలే. నేను రోజు దిగుతనే ఉన్న, రోజు ఆ జాగ దాటుకుంటనే పోతున్న." అంద్రెయ అంగీని ఒళ్లో ముద్ద చేశాడు. "నీకోసం తిప్పుతున్న అనుకున్నవా ఈ సైకిల్ మీద? నా కోసం గూడ తమ్మీ."

అంత పెద్ద మనిషి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నర్సింగం ఏం చేయాలో తోచక ముద్దయిన రొట్టెను ముగ్గురికీ పంచాడు. ఎవరూ తినలేదు.

ఆ రాత్రి కింది పల్లెలో పడుకున్నారు. పొద్దున సైకిళ్లు ఎక్కుతుంటే సదయ్య, ఎవరూ అడగకముందే, "నస్పూర్‌ల ఆగుదం" అన్నాడు.

లస్మవ్వ వాకిట్లో చాప పరిచి చింతపండు గింజ తీస్తోంది. కళ్లు సరిగా కనపడవు. "ఎవలు?" అంది.

"నేనవ్వా, సదయ్యను."

ఆమె చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి. "కూసోండ్రి," అంది.

సదయ్య ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "అవ్వా, ఆ దినం కప్పు కొట్టి చూసింది నేను. మంచిగున్నదని చెప్పింది నేను. నా మాట నమ్మి వాడు ముందు పోయిండు."

"నేను గూడ మంచిదే అనుకున్న అవ్వా," అన్నాడు వెనక నుంచి అంద్రెయ.

లస్మవ్వ అటు తిరగలేదు. "మాట్లాడిండా వాడు?" అని అడిగింది.

"మాట్లాడిండు. నీళ్లడిగితే తాపిన. అవ్వకు జల్ది చెప్పకుండ్రి, భయపడతది అన్నడు."

ముసలామె మొహం ముడుచుకుపోయింది. చప్పుడు లేకుండా ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుంది.

"కప్పు సంగతి నాకేమెర్క బిడ్డా, నేను బాయి మొఖం చూసినదాన్ని కాదు. నాకెర్కయింది ఒక్కటే. నువ్వు రాలే. మట్టి చేసిననాడు రాలే, దినాలకు రాలే. ఇంటికి వస్తే వాడు చెప్పేదంత నీ ముచ్చటే. ఆ దోస్తు ఏడి అని చుట్టాలడిగితే నేనేం చెప్పాలె?"

ఎనిమిది నెలలు సదయ్య మోసిన తప్పు గురించి ఆమె ఒక్క మాటా అడగలేదు. ఆమె అడిగిన తప్పు మాత్రం నిజంగా అతనిదే.

"తప్పయిందవ్వా," అన్నాడు.

"అయింది," అంది లస్మవ్వ. పోనీలెమ్మని అనలేదు. కూతురిని పిలిచి ముగ్గురికీ నీళ్లు ఇప్పించింది. లేచి సైకిళ్ల దగ్గరికి పోతుంటే, "మల్ల వస్తవా?" అంది.

"వస్తనవ్వా."

"వచ్చినంక చూద్దం."

పది రోజులకు సదయ్య మళ్లీ కింది పని అడిగి తీసుకున్నాడు. ఆ పొద్దున పూలమ్మ గిన్నె సర్ది ఇచ్చింది. వాకిలి దాకా వచ్చి, అతను మలుపు తిరిగేదాకా నిలబడింది.

గనిలో మొదటి చోట కప్పు కొట్టాడు. బాగుంది. రెండో చోట కొట్టి ఆగిపోయాడు. ఇంకా రెండు దుంగలు పెట్టాలన్నాడు. పని చూసే సర్దారు విసుక్కున్నాడు. "పొద్దున నేనే చూసిన, ఏం కాదది. షిఫ్టంత గిట్లనే పోతది," అన్నాడు.

"కాకపోవచ్చు. నాకు మంచిగ వినబడలే. దుంగలు పెట్టినంకనే రాండ్రి," అన్నాడు సదయ్య.

అంద్రెయ పనిముట్టు కింద పెట్టి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్లూ కూర్చున్నారు. సర్దారు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. సదయ్య దుంగలు నిలబెట్టాడు. ఆ రోజు ఏమీ కూలలేదు.

షిఫ్టు దిగాక అందరూ గుంపుగా ఏటవాలు దారి ఎక్కి పైకి వస్తున్నారు. వెలుతురు దగ్గరపడ్డాక సదయ్య అలవాటుగా వెనక్కి తిరిగి, "బుచ్చన్నా, జల్ది నడువు రా" అన్నాడు.

వెనక వస్తున్నవాళ్లు ఆగిపోయారు. సదయ్య కూడా ఆగిపోయాడు. అప్పుడు వచ్చింది అతనికి ఏడుపు. ఈ ఎనిమిది నెలలూ తన చెవి గురించి, తన చెయ్యి గురించి, తన మాట గురించే ఆలోచించాడు తప్ప, బుచ్చన్న లేడని ఒక్కసారి కూడా ఏడవలేదు. గని మొహం దగ్గర నేల మీద చతికిలబడి, బొగ్గు చేతులతోనే మొహం కప్పుకొని, పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు.

అంద్రెయ, నర్సింగం వచ్చి అటూ ఇటూ కూర్చున్నారు. రెండో షిఫ్టువాళ్లు వాళ్లను తప్పుకుంటూ లోపలికి దిగిపోయారు.