ఎర్రబోర్డు దుకాణం వెనక తలుపు

వెర్లీన్ మీద పెట్టెలు కూలినప్పుడు నేను సబ్బుల వరసలోనే ఉన్నాను. ఆగస్టు మధ్యాహ్నం. ఏసీ చెడిపోయి చాలా రోజులైంది. మిసిసిపీ డెల్టా ఎండ రేకుల కప్పు మీద పడి లోపలున్నవాళ్లని ఉడకబెడుతోంది. ఎవరో ముసలాయన బట్టలుతికే సబ్బునీళ్ల డబ్బా కావాలంటే వెర్లీన్ గల్లా వదిలి పరుగెత్తుకొచ్చింది. ఆ పూట దుకాణం మొత్తానికి ఆమె ఒక్కతే. గల్లా దగ్గరా ఆమే, సరుకు దించేదీ ఆమే, నేల తుడిచేదీ ఆమే. మనిషెత్తు దాటిన పెట్టెల బండి వెనక ఎక్కడో ఆ డబ్బా ఉంది. ఆమె బండిని లాగింది. బండి ఒరిగింది.

ఆమె అరవలేదు. ఊపిరాడితే కదా అరవడానికి!

అంబులెన్స్ వచ్చింది. స్ట్రెచర్ లోపలికి పట్టలేదు. ఎక్కడ చూసినా కంపెనీ ట్రక్కు దింపిపోయిన సరుకే. నిప్పంటుకుంటే పారిపోవడానికని వెనక ఒక తలుపుంది, దాని ముందు కప్పు దాకా పెట్టెలు. చివరికి వెర్లీన్‌ని డైపర్ల కట్టల మీదుగా చేతులతో మోసుకుపోయారు.

గల్లా మీద ఫోను ఆగకుండా మోగుతోంది. నేనే తీశాను. అటువైపు హోల్కమ్, మా జిల్లాలో ఈ కంపెనీ దుకాణాలన్నిటికీ మేనేజరు.

"వెర్లీన్‌కి దెబ్బలు తగిలాయి సార్. ఆస్పత్రికి తీసుకుపోయారు."

"మరి గల్లా దగ్గర ఎవరున్నారు?" అన్నాడు.

వెర్లీన్ మణికట్టు విరిగింది. పక్కటెముకలు చిట్లాయి. కట్టు ఆరకముందే ఉద్యోగం ఊడింది. దుకాణాన్ని గాలికి వదిలేసిందట. అదీ ఆమె చేసిన నేరం!

మా ఊరు రోజ్‌మండ్. నల్లవాళ్ల ఊరు. ఇక్కడ దుకాణమంటే అదొక్కటే. ఎర్రబోర్డు అంటాం. అది రాకముందు రౌండ్‌ట్రీ వాళ్ల కిరాణా ఉండేది. అక్కడ మాంసం దొరికేది, తోటల్లోంచి తెచ్చిన ఆకుకూర దొరికేది. ఎర్రబోర్డు వచ్చి సబ్బూ, పాలూ, గిన్నెలూ అన్నీ వాళ్లకంటే కాస్త తక్కువకి పెట్టింది. రౌండ్‌ట్రీ మూతబడింది. ఆకుకూర మాయమైంది. చవక మిగిలింది.

నేను చేపల ఫ్యాక్టరీలో క్యాట్‌ఫిష్ కోసి రిటైరైనదాన్ని. అక్కడ సమ్మె చేసి నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఆదివారం చర్చి అయ్యాక, బట్టలుతుక్కునే మెషీన్ల షెడ్డులో జనం చేరి నా మొహం చూశారు.

"చెప్పు ఇమోజీన్ అక్కా, ఏం చేద్దాం?"

"ఏముంది? ఎర్రబోర్డు గడప ఎవరూ తొక్కొద్దు. అమ్మకాలు పడిపోతే వాళ్లే దిగొస్తారు" అన్నాను.

లుటీషా గిర్రున తిరిగింది. ముగ్గురు పిల్లల తల్లి. నేను వదిలొచ్చిన ఫ్యాక్టరీలో ఇప్పుడు ఆమె చేపలు కోస్తోంది.

"నీకేమమ్మా, నీకు కారుంది! గ్రీన్‌విల్ దాకా పోయి కొనుక్కొస్తావు. నాకేదీ కారు? నాకు పాలూ ఎర్రబోర్డులోనే, డైపర్లూ అక్కడే. వాళ్లు బోర్డు పీక్కుని పోయారనుకో, నా పిల్లలకి నీ ఉపన్యాసం వండి పెట్టనా?"

కొందరు నవ్వారు. మూల నుంచి టెరెన్స్ లేచాడు. ట్రాక్టర్లు బాగుచేసే మనిషి.

"అంటే వెర్లీన్ చచ్చినా సరే, నీకు చవగ్గా డైపర్లు కావాలి. అంతేనా?"

"నోర్ముయ్ టెరెన్స్! నువ్వేసుకున్న ఆ చొక్కా ఎక్కడ కొన్నావో చెప్పు ముందు."

టెరెన్స్ వంగి తన చొక్కా చూసుకున్నాడు. షెడ్డంతా గొల్లుమంది.

నవ్వు ఆగాక, కట్టు చేత్తో వచ్చి కూర్చున్న వెర్లీన్ మాట్లాడింది. పక్కటెముకల నొప్పికి ఆగి ఆగి మాట్లాడింది.

"లుటీషా అన్నదాంట్లో తప్పేం లేదు. నేనూ అక్కడే కొనేదాన్ని. వాళ్లిచ్చిన జీతం మళ్లీ వాళ్ల గల్లాలోనే వేసేదాన్ని. కానీ అంత చవగ్గా ఎట్లా ఇస్తున్నారో తెలుసా? నలుగురు చేసే చాకిరీ ఒక్కదాని మీద వేసి! సరుకుకి గోదాము కట్టకుండా మీరు నడిచే దారిలో పోసి! కొనొద్దని మిమ్మల్ని అనను. లోపలికి పోయినవాళ్లు ప్రాణాలతో బయటికి రావాలి. నేనడిగేది అదే."

"అగ్గి పుడితే ఎట్లా? ఆ వెనక తలుపు అసలు తెరుచుకుంటుందా?" ఎవరో అడిగారు.

"ఏమో. పన్లో చేరినప్పట్నుంచి దాన్ని నేను చూడనే లేదు."

అప్పుడు లుటీషానే అంది, "అయితే మూయించడం దేనికి? తెరుద్దాం!"

నేను చెప్పిన బహిష్కరణ అక్కడితో అయిపోయింది. దానికంటే మంచి మాట దొరికింది.

జీతాలూ పెన్షన్లూ చేతికొచ్చే ఒకటో తారీకున ఎర్రబోర్డు కిటకిటలాడుతుంది. ఆ పొద్దున మేం దుకాణం లోపల వెనక తలుపు దగ్గర్నుంచి, ముందు గుమ్మం మీదుగా పార్కింగ్ దాకా వరసగా నిలబడ్డాం. ముసలివాళ్లు, ఫ్యాక్టరీ ఆడవాళ్లు, సెలవులకి ఇంటికొచ్చిన కాలేజీ పిల్లలు. పెట్టె చేయి మారుతోంది. చేయి మారి ఎండలోకి పోతోంది. వెర్లీన్ బయట నిలబడి ఏది ఎక్కడ పేర్చాలో చెబుతోంది.

గల్లా దగ్గర కొత్తగా పెట్టిన పిల్ల జేడా. ఆమే ఒక్కతే.

"ఆంటీ, ఏం చేస్తున్నారు మీరు? నా ఉద్యోగం పోతుంది!"

"దారి చేస్తున్నాం తల్లీ. ఒక్క పెట్టె కూడా విప్పం. నువ్వు గల్లా చూసుకో."

జేడా హోల్కమ్‌కి ఫోన్ చేసింది. అవతల ఏమన్నాడో మాకు వినపడలేదు. వింటూ వింటూ ఫోన్ పెట్టేసింది. కంపెనీ ఇచ్చిన ఎర్ర కోటు విప్పి కౌంటర్ మీద పడేసి మా వరసలోకి వచ్చింది.

"ఆ కింద పెట్టెలో గాజు సీసాలున్నాయి, మెల్లగా!" అని అరిచింది.

తలుపు కనపడింది. రంగు అతుక్కుని బిగుసుకుపోయింది. టెరెన్స్ భుజం పెట్టాడు. ఇంకో ఇద్దరు పెట్టారు. తలుపు ఊడినంత పనైంది. లోపలికి గాలి కొట్టింది. ఆ గాలికి మేమంతా ఒక్కసారి కేక పెట్టాం.

ఆ కేకకి వచ్చినట్టే వచ్చాడు పోలీసు డిప్యూటీ కోల్మన్. మా ఊరివాడే.

"లూటీ జరుగుతోందని ఫోనొచ్చింది. అమ్మా! నువ్వేంటిక్కడ?"

వరసలో వాళ్లమ్మ. "వచ్చావా? ఈ పెట్టె పట్టుకో, బరువుగా ఉంది" అంది.

హోల్కమ్ కారు దిగుతూనే అరిచాడు. "దొంగలు! దొంగలందరూ!"

"ఏం పోయింది సార్? చూసి చెప్పండి" అన్నాడు కోల్మన్.

హోల్కమ్ పెట్టె పెట్టెకీ వంగి చూశాడు. వేసిన టేపు వేసినట్టే ఉంది. మొహం కందగడ్డలా చేసుకుని, "ఇవన్నీ లోపల పెట్టండి. ఇప్పుడే!" అన్నాడు.

"నువ్వు పెట్టు" అంది లుటీషా. "ఒక్కడివే పెట్టు. గల్లా కూడా చూసుకుంటూ పెట్టు."

"ఒక్కడివే!" అన్నారు వెనకనుంచి. "ఒక్కడివే! ఒక్కడివే!" పార్కింగంతా అదే మాట.

అతను ఒక పెట్టె ఎత్తాడు. నాలుగడుగులు వేసి దించేశాడు. వెర్లీన్ వైపు వేలు చూపించాడు. "పన్లోంచి తీసేసిన మనిషి. ఈ స్థలంలో కాలు పెట్టకూడదు. అరెస్టు చెయ్యి."

వెర్లీన్ చేతులు చాపింది. కట్టు మీద బేడీ పట్టలేదు. కోల్మన్ తల దించుకుని ఆమెను పోలీసు బండి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. తలుపు వెయ్యబోతుంటే లుటీషా అడ్డం వచ్చింది.

"డైపర్ల పెట్టె మోసింది నేను. నన్నెందుకు వదిలేస్తావు? జరుగు."

ఎక్కింది. ఆ వెనక జేడా ఎక్కింది. నేనూ ఎక్కాను. తలుపు దగ్గర జనం బస్సుకి నిలబడ్డట్టు నిలబడ్డారు.

"ఇంకో బండి తెప్పించరా!" అంది కోల్మన్ వాళ్లమ్మ.

మమ్మల్ని సాయంత్రానికే వదిలారు. వెర్లీన్‌ని మాత్రం వదల్లేదు. దుకాణానికి ఇద్దరు మనుషులు, ఏసీ, వెర్లీన్‌కి ఉద్యోగం: మా కోరికలు కంపెనీకి పంపాం. రెండు రోజులైనా జవాబు రాలేదు. పక్క ఊరు టర్నర్ ఫోర్క్‌లో ఉన్న ఎర్రబోర్డు పనివాళ్లతో మాట్లాడదామని మర్నాడు టెరెన్స్ పికప్‌లో బయల్దేరాం. వాళ్లకి మొదట్నుంచి ఎట్లా చెప్పాలి, భయపడితే ఏమనాలి అని దారంతా లుటీషా, నేనూ కొట్లాడుకుంటూనే ఉన్నాం.

ఆ ఊరి మలుపు తిరగ్గానే టెరెన్స్ బ్రేకు వేశాడు. ఎర్రబోర్డు ముందు ఎండలో పెట్టెలు. తలుపులోంచి రోడ్డు దాకా మనుషుల వరస. మాకు ఒక్కళ్లూ తెలియదు.

మా కోసం వాళ్లు ఆగలేదు. వరస చివర్న నిలబడిన మనిషి మమ్మల్ని చూసి, "చూస్తూ కూర్చుంటారేంటి, దిగండి!" అని కేకేశాడు.

దిగాం.