నేర్చుకునేవాళ్ళ రంగులు

ఆ దుకాణం ముందు భాగమంతా పుస్తకాలు, ఫైళ్ళు, పెన్నులు. లోపల రెండు మెట్లు దిగితే బొమ్మలు వేసుకునే సామాను. ఆ మెట్ల కింద పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ రంగులక్క అనేవారు. నిజానికి ఆవిడకు బొమ్మలు వేయడం రాదు. కుండ గీస్తే గుమ్మడికాయ అనుకునేవారు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళు తక్కువలో ఏం కొనుక్కోవాలో చెప్పడంలో మాత్రం ఆవిడ తరవాతే ఎవరైనా.

కొత్తవాళ్ళు వస్తూనే అద్దాల బీరువా దగ్గర ఆగేవారు. అందులో ఖరీదైన రంగుల గొట్టాలు, సన్న వెంట్రుకల కుంచెలు ఉండేవి. ధర చీటీ తిప్పి చూసి, వేడి గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకునేవారు. అప్పుడు రంగులక్క వెళ్ళి, "వాటి జోలికి ఇప్పుడే పోకండి. ముందు చెయ్యి తిరగనివ్వండి. నేర్చుకునే చేతికి ఏ రంగైనా ఒకటే" అని, ఇరవై నాలుగు రంగుల చిన్న డబ్బా తీసి ఇచ్చేది. ఎంతమంది ఆరంభశూరులు నెల తిరక్కుండానే కుంచెలు అటక మీద పడేస్తారో ఆవిడకు తెలుసు. తన మాట విన్నవాళ్ళెవరూ చేతులు కాల్చుకోలేదని ధీమాగా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే, ఇంకా దుమ్ము దులుపుతుండగానే, ఒక దర్జీ ఆవిడ మెట్లు దిగి వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. చంకలో గుడ్డలో చుట్టిన పలక లాంటిది ఉంది. రంగులక్క గుర్తుపట్టింది. ఏడాది కిందట వచ్చి, "మా అమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. ఫొటో తీస్తానంటే మొహం తిప్పేసుకుంటుంది. బొమ్మ వేస్తానంటే మాత్రం కూర్చుంటానంది. నాకు కుట్టుపని తప్ప ఏం రాదు, ఏం కొనుక్కోవాలో మీరే చెప్పాలి" అన్న మనిషి. ఆవిడకూ ఆ చిన్న డబ్బాయే ఇచ్చి పంపింది.

"బొమ్మ తెచ్చారా? ఏదీ, చూపించండి" అంది రంగులక్క మొహం చేటంత చేసుకుని.

దర్జీ ఆవిడ చంకలోది బల్ల మీద పెట్టి గుడ్డ విప్పింది. అద్దం బిగించిన చట్రం. లోపల బొమ్మలో ఆకుపచ్చ కుర్చీ, దాని మీద నీలం శాలువా, కింద ఒక జత నల్ల చెప్పులు. శాలువా ఎవరి భుజాల మీదో కప్పినట్టు ఒంపు తిరిగి ఉంది. ఆ పైన ఏమీ లేదు. మొహం ఉండాల్సిన చోట తెల్ల కాగితం. చేతులు ఉండాల్సిన చోటా తెల్ల కాగితమే.

"మనిషిని ఇంకా వెయ్యలేదా?" అని అడిగేసింది రంగులక్క. అడిగాక అవతలి మనిషి కళ్ళు చూసి నాలుక కరుచుకుంది.

"వేశానక్కా. ముందు మొహమే వేశాను. కళ్ళూ పెదవులూ ఒంటి రంగే చిక్కగా కలిపి దిద్దాను, చీర గులాబిది, నెరిసిన జుట్టుకు కాగితాన్నే వదిలేశాను" అంది దర్జీ ఆవిడ. "పదకొండు రోజులు కదలకుండా కూర్చుంది అమ్మ. పోయి తొమ్మిది నెలలైంది. పని చేసుకుంటూ చూసుకోవచ్చని మిషను పక్కన, కిటికీకి ఎదురుగా తగిలించాను. రోజూ చూసేదాన్నే కదా, రంగు తగ్గిపోతుంటే తెలియలేదు. అమ్మ మొహం నాకు కనిపిస్తూనే ఉంది. నిన్న మా చెల్లెలు వచ్చి, ఈ ఖాళీ కుర్చీ బొమ్మ ఎందుకు పెట్టుకున్నావే అని అడిగింది. అప్పుడు చూశాను."

రంగులక్క దులుపుతున్న గుడ్డ పక్కన పడేసింది. అద్దం మీదికి వంగి చూసింది. గులాబి, నారింజ కలిపి వేసిన ఒంటి రంగు ఒక్క చుక్క కూడా మిగల్లేదు. ఎవరో కూర్చుని, చెప్పులూ శాలువా వదిలేసి, లేచి వెళ్ళిపోయినట్టుంది.

"నీళ్ళు ఎక్కువ కలిపానా అక్కా?" దర్జీ ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "నేను కొత్త కదా. నాది తప్పయితే చెప్పండి, ఏమీ అనుకోను."

ఆవిడ తిట్టిపోసినా బాగుండేదనిపించింది రంగులక్కకు.

మాటలు విని యజమాని మెట్లు దిగి వచ్చాడు. అరవై దాటిన మనిషి. రంగులక్క ఆయన్ను బాబాయ్ అనేది. ఆయన బొమ్మ వైపు ఒకసారి చూసి, ఏ ఆశ్చర్యమూ లేకుండా, "ఎండ తగిలిందా?" అన్నాడు. "గులాబి, నారింజ ముందు పోతాయమ్మా. కొత్తవాళ్ళు నీళ్ళు కూడా ఎక్కువ పోస్తారు."

రంగులక్క ఆయన వైపు తిరిగింది. "ఇలా పోతుందని మీకు తెలుసా బాబాయ్?"

"వ్యాపారంలో ఉన్నవాడికి తెలియకేం. నేర్చుకునేవాళ్ళ రంగులు అంతే. వేస్తారు, చించేస్తారు. గోడకు తగిలించుకుంటారని ఎవరనుకుంటారు?"

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. దుకాణం కిటికీలో చిన్న డబ్బా రంగులన్నీ వరసగా పూసిన చార్టు ఒకటి ఉండేది. పాతది మాసిందంటూ ఆయన మూడు నెలలకోసారి కొత్తది చేయించేవాడు. పన్నెండేళ్ళుగా అవన్నీ పూసింది రంగులక్కే. పాతవాటిని ఆయనే చుట్టి పారేసేవాడు. అవి ఎందుకు మాసేవో ఒక్కదాన్నయినా విప్పి చూడాలని ఆవిడకు తోచలేదు.

యజమాని దర్జీ ఆవిడకు కనబడకుండా కళ్ళతో సైగ చేశాడు. తప్పు నీళ్ళ మీదికి తోసెయ్యి, పోతుంది అన్నట్టు.

రంగులక్క ఆ చూపు చూసి కూడా దర్జీ ఆవిడతో, "మీ తప్పేం లేదమ్మా" అంది. "నీళ్ళ వల్ల కాదు. రంగే మంచిది కాదు. అది ఏరికోరి మీ చేతిలో పెట్టింది నేను. తెలియక పెట్టాను, కానీ పన్నెండేళ్ళు తెలియకుండా ఉండటం కూడా తప్పే."

యజమాని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

దర్జీ ఆవిడ బొమ్మ వైపు చూసింది. "అయితే మొహం ఇంక రాదా?" అని మాత్రం అడిగింది.

రంగులక్క చట్రం వెనక మేకులు ఊడదీసి, కాగితాన్ని బయటికి లాగి, వెలుతురు ఉన్న వైపు ఏటవాలుగా పట్టుకుంది. తెల్లగా ఉన్నచోట సన్నటి గాడులు కనిపించాయి.

"రంగు వేసేముందు పెన్సిలుతో గీశారా?"

"గీశాను. తరవాత చెరిపేశాను. సుద్దతో గుడ్డ మీద గీసే చెయ్యి కదా, గట్టిగా నొక్కేస్తాను. కాగితానికి చిల్లు పెట్టేలా ఉన్నావని అమ్మ నవ్వేది."

రంగులక్క ఒక పల్చటి ట్రేసింగు కాగితం, మెత్తటి పెన్సిలు తెచ్చింది. బొమ్మ మీద ఆ కాగితం పరిచింది. పిల్లలు నాణెం మీద కాగితం పెట్టి రుద్దే ఆట గుర్తొచ్చింది, అంతకుమించి ఆవిడకు తెలిసిందేమీ లేదు. "మీరే రుద్దండి. నొక్కకండి, పెన్సిలు పడుకోబెట్టి తేలిగ్గా" అంది.

దర్జీ ఆవిడ రుద్దింది. కాగితం బూడిద రంగుకు తిరిగింది. ఆ బూడిదలో ముందు ఒక చెవి తెల్లటి గీతలా బయటపడింది. తరవాత దవడ. తరవాత ఒక కన్ను, రెప్ప కొంచెం వాలి. రెండో కన్ను బయటపడేసరికి దర్జీ ఆవిడ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ముందు గదిలో ఎవరో ఫైళ్ళ ధర అడుగుతున్నారు. దర్జీ ఆవిడ మెట్టు మీద కూలబడి, టేపు కొసతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ లేచి రుద్దింది.

నోటి దగ్గరికొచ్చేసరికి గీతల మీద గీతలు, చిక్కుపడ్డ దారంలా వచ్చింది.

"నోరు ఎంతకీ కుదరలేదక్కా" అంది ఆవిడ. "పదిసార్లు చెరిపాను. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది మరి."

చెప్పాక తనకే నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది.

ఆ కాగితాన్ని చుట్టి ఇస్తుంటే, "దీన్ని చూసి పెన్సిలుతోనే మళ్ళీ వేసుకుంటాను. పెన్సిలు పోదుగా?" అని అడిగింది దర్జీ ఆవిడ.

పోదు అనబోయి రంగులక్క ఆగింది. "కనుక్కుని చెబుతాను. ఈసారి చూడకుండా చెప్పను."

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టింది. దుకాణంలో ఉన్న ప్రతి రంగునీ, పెన్సిలు గీతతో సహా, కాగితం ముక్కల మీద పూసింది. ప్రతి ముక్కనూ సగం అట్టతో కప్పి, సగం ఎండకు వదిలి కిటికీ అద్దానికి అంటించింది. "కొట్టు మూయించేదాకా వదలవా?" అన్నాడు యజమాని. ఆవిడ ఇంకో ముక్క అంటించింది. ఆయన వాటిని పీకెయ్యలేదు.

మూడు వారాలకు చిన్న డబ్బాలోని గులాబి సగం పాలిపోయింది. రెండు నెలలు తిరిగేసరికి ఇరవై నాలుగింటిలో తొమ్మిది కాగితంలో కలిసిపోయాయి. అంతవరకూ ఆవిడ అనుకున్నదే. అట్టలు విప్పుతూ బీరువాలోని ఖరీదైన ఊదా రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముక్కను వెలుతురులోకి తిప్పి రెండుసార్లు చూసింది. అదీ వెలిసిపోయింది. దాని పక్కనే, విడిగా అమ్మే చవక గొట్టాల్లోని మట్టి పసుపు, ఇటుక రంగు, ముదురు నీలం, నలుపు నిన్న పూసినట్టున్నాయి. పెన్సిలు గీత చెక్కుచెదరలేదు. ధర చూసి చెప్పడం తప్ప తనకు పన్నెండేళ్ళూ ఏమీ తెలియలేదని ఆ కిటికీ ముందు నిలబడి అనుకుంది. ఊదా ముక్క తీసుకెళ్ళి యజమాని ముందు పెడితే, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇది నాకూ తెలియదు" అన్నాడు.

అప్పటినుంచి కొత్తవాళ్ళకు ఆవిడ ఆ నాలుగు గొట్టాలు, ఒక మెత్తటి పెన్సిలు, ఒక కుంచె ఇస్తోంది. డబ్బా కంటే తక్కువే అవుతుంది. "ఇరవై నాలుగు వస్తుంటే నాలుగెందుకు?" అని కొందరు విసుక్కుంటారు. వాళ్ళకు కిటికీ చూపిస్తుంది. డబ్బా కొన్న పాతవాళ్ళు కనిపిస్తే, "ఏదైనా గోడకు పెట్టుకున్నారా?" అని తనే అడుగుతుంది. చాలామంది నవ్వి, ఎప్పుడో మానేశామంటారు. ఒకాయన మాత్రం ఆ ప్రశ్న విని మొహం మాడ్చుకుని, సంచి అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. మళ్ళీ రాలేదు.

దర్జీ ఆవిడ వచ్చింది. పెన్సిలుతో వేసిన బొమ్మ తెచ్చింది. ముసలావిడ కుర్చీలో కూర్చుని, నోరు తెరిచి, ఎవరినో ఏదో అంటోంది.

"కుదిరింది" అంది రంగులక్క.

"కుదరలేదు. కానీ అమ్మే."

"రంగులు కూడా ఇవ్వనా? ఇవి నిలబడేవే, నేను చూశాను."

"ఇప్పుడే వద్దక్కా. ముందు భయం పోనివ్వండి."

రంగులక్క బలవంతపెట్టలేదు. తనకూ ఆ భయం పోలేదు. ఇప్పటికీ ఎవరైనా వచ్చి గులాబి రంగు కావాలంటే, రంగుల అర వైపు చాచిన చెయ్యి ఒక్క క్షణం ఆగిపోతుంది.