కెర్తి చాప దగ్గరికి వచ్చే మొక్కలు

పొద్దున ఐదున్నర అయ్యేసరికి వడ్లు ఆరబోసే గచ్చు మీద నాలుగు చాపలు పడాల్సిందే. వాన వస్తే వసారాలో పడతాయి. బటుకారు కొండ కింద ఆ ఊళ్ళో మిగతావాళ్ళు మొహాలు కడుక్కునే వేళకి ఆ ఇంట్లోవాళ్ళు పన్నెండు సూర్య నమస్కారాలూ ముగించి, ఊపిరి బిగబట్టి, వదిలి, ఆఖరున వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకునేవాళ్ళు.

అలా కళ్ళు మూసుకున్న కాసేపట్లోనే తోటలోంచి మొక్కలు వచ్చేవి. కళ్ళు తెరిచి చూస్తే ఎవరికి కావలసిన మందు వాళ్ళ కాళ్ళ దగ్గర నిలబడి ఉండేది. అవి నడిచే తీరు మాత్రం ఎవరూ చూడలేదు. చిన్నప్పుడు ఆ ఇంటి చిన్నకొడుకు అర్సా ఒక కన్ను తెరిచి చూడబోతే, దుంపరాష్ట్రం మొక్క సగం దారిలోనే ఆగిపోయి, అలిగి, మూడు రోజులు గచ్చు మధ్యలోనే నిలబడిందట. ఆ మూడు రోజులూ వాళ్ళమ్మ వాడికి పెట్టిన చీవాట్లు ఇన్నీ అన్నీ కావు.

ఈ మొక్కల పుణ్యమా అని ఆ ఇంట్లో రహస్యమన్నది దాగేది కాదు.

"ఏమయ్యా, మళ్ళీ ఆ లవంగం సిగరెట్లు కాల్చావు కదూ!" అనేది ఇంటి పెద్దావిడ రింతెన్, మొగుడి కాళ్ళ దగ్గర కచ్చూరం మొక్కని చూసి. అది దగ్గుకి మందు.

"ఒక్కటేనే. గుడి దగ్గర ఎవరో ఇస్తే," అని ముసలాయన దర్పా నసిగేవాడు.

"ఒక్కదానికైతే ఒక్క మొక్క వచ్చేది. మూడొచ్చాయి, లెక్క చూసుకో."

కొడుకు అర్సా కాళ్ళ దగ్గర నెలకి రెండుసార్లయినా వాము మొక్క ఉండేది. అంటే ముందురోజు ఎవరింట్లోనో పంది వేపుడు పీకలదాకా తిన్నాడన్నమాట. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు అర్సా పెళ్ళాం కెర్తి చాప దాకా వచ్చి ఆగిపోయేది.

ఎందుకంటే కెర్తి కాళ్ళ దగ్గరికి వచ్చేవి వేరు. అన్నీ వాడిపోయినవే. ఆకులు ముడుచుకుపోయిన పసుపు, పిండినల్లి పట్టిన మునగ, నడుం విరిగిన నిమ్మగడ్డి. పదమూడేళ్ళుగా అంతే. కాపురానికొచ్చిన కొత్తలో జ్వరమొచ్చినా ఆమె కోసం మంచి మొక్క ఒక్కటీ రాలేదు. తనే లేచి తోటలోకి వెళ్ళి ఆకు కోసుకుని నూరుకుంది.

ఆ మొదటి వారంలోనే రింతెన్ ఆ వాడిన పసుపు మొక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏ ఆకు చలవ, ఏ ఆకు వేడి అని చుట్టుపక్కల ఏడూళ్ళవాళ్ళు వచ్చి అడిగేది ఆవిడనే. అలాంటి మనిషి, "నీకు రావలసిన మందే ఇలా వాడిపోయి వచ్చిందంటే..." అని, మిగతా మాట మింగేసి, తమలపాకులు సర్దుకుంటూ లేచిపోయింది.

ఆ మిగతా మాటని కెర్తి తనే ఎన్ని రకాలుగా పూర్తి చేసుకుందో! తను కుసాంబా సముద్రపు ఒడ్డున ఉప్పు పండించేవాళ్ళ పిల్ల. నల్ల ఇసుకలో పుట్టింది. అక్కడ గడ్డి కూడా మొలవదు. పిల్లలు కలగలేదు. తనకి మందు లేదు కాబోలు, తను తాకితే పచ్చనిది కూడా మాడిపోతుంది కాబోలు అనుకుంది. పెద్ద తోడికోడలు వెదని అయితే నవ్వుతూనే అనేసేది: "నీ పాదాలకి ఇంకా ఉప్పంటుకుని ఉందే కెర్తీ, సరిగ్గా కడుక్కోలేదు నువ్వు."

అయినా ఆ వాడిన మొక్కల్ని చూస్తే కెర్తికి జాలేసేది. పాపం, నా వల్లేగా అనుకునేది. పెరట్లోకి తీసుకెళ్ళి వేళ్ళు కడిగి, కుళ్ళింది కత్తిరించి, బూడిద అద్దేది. పురుగు పడితే వేపాకు కషాయం, పొగాకు నీళ్ళు. మాగిన పెంట, తవుడు కలిపిన మట్టిలో వారం రోజులు నీడన ఉంచి, తేరుకున్నాక దాని చోట దాన్ని నాటేసి వచ్చేది. ఎవరికీ చెప్పేది కాదు, చెప్పుకోవడానికి అదేమంత గొప్ప పనని?

ఈ ఏడాది వానల్లో రింతెన్‌కి పక్షవాతం వచ్చింది. మర్నాడు తోట తోటంతా వచ్చి ఆవిడ మంచం చుట్టూ మూగింది. మాట తిరిగొచ్చింది, కాలు ఈడ్చుకు నడిచేంత తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. దానికి మందు భూమ్మీద మొలవలేదని ఆవిడే తేల్చి చెప్పింది.

చిక్కు ఆ చేతితోనే వచ్చింది. చెట్లకి పూజ చేసే తుంపెక్ పండగ దగ్గర పడింది. ఆ రోజు ఇంటి పెద్దావిడ కత్తి పిడితో ఒక్కొక్క చెట్టునీ తట్టి, దాని మొదట్లో జావ పోసి, పెద్ద పండగ గలుంగన్‌కి ఇంక ఇరవై ఐదు రోజులే ఉన్నాయి, విరగకాయండి అని చెప్పాలి. ఎడమచేత్తో చెట్టుని తట్టకూడదు. ఎవరు తడితే అక్కణ్ణించి చెట్లు వాళ్ళ మాటే వింటాయి. అంటే తోట వాళ్ళదే.

"అందులో ఆలోచించడానికేముంది? పెద్దకోడల్ని నేనే కదా," అంది వెదని.

వెదని, మొగుడు కలిసి కింద రోడ్డు పక్కన విదేశాలవాళ్ళకి యోగా నేర్పే విడిది నడుపుతున్నారు. మూడు నెలల కిందటే ఈ తోటలోంచి నలభై మొక్కలు కుండీల్లో పెట్టి పట్టుకెళ్ళింది. వాటి మధ్య నిలబడి వచ్చినవాళ్ళు వృక్షాసనం వేస్తారు, ఫొటోలు దిగుతారు. తోట చేతికొస్తే మిగతావన్నీ కూడా కుండీల్లోకి వెళ్ళిపోతాయి, ఈ నేల చదునైపోయి గదులు లేస్తాయి. ఇదంతా అందరికీ తెలుసు. రింతెన్‌కి ఇష్టం లేదని కూడా తెలుసు. కానీ తోటే ఒప్పుకోని కెర్తి చేతికి కత్తి ఎలా ఇస్తుంది?

"నువ్వు అడగవేం?" అన్నాడు అర్సా, పెళ్ళాంతో కలిసి కలుపు తీస్తూ.

"ఏమని అడగను? నాకిక్కడేమీ లేదని తోట రోజూ పొద్దున్నే చెబుతోందిగా."

"చెట్ల మొహం, వాటికేం తెలుసు."

"ఈ ఇంట్లో పుట్టి నువ్వా మాట అనకూడదు," అని కెర్తి చేతిలో గడ్డి విసిరేసింది. "పండగ రోజు మధ్యాహ్నం బండికి మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను. అక్కడ మొక్కే మొలవదు. వచ్చి నా మొహాన వాడిపోయి నిలబడేది ఉండదు."

అర్సా ఆ గడ్డినే ఏరుతూ కూర్చున్నాడు. అంత పెద్ద మనిషీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

తుంపెక్ శనివారం వచ్చింది. జావ కాచింది కెర్తే. తెల్లబట్టలు కట్టుకుని, నడుముకి కత్తి దోపుకుని వెదని తెల్లారకుండానే దిగింది. గచ్చు మీద ఐదో చాప పడింది. నమస్కారాలయ్యాయి, ఊపిరులయ్యాయి. అందరూ వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నారు.

ఆ రోజు చప్పుడైంది. గర్రు గర్రున, పెంకులు రాయి మీద ఈడ్చినట్టు. రోడ్డు వైపు నుంచి మొదలై, గుమ్మం దాటి, చాలాసేపు సాగింది. కళ్ళు తెరవాలని అందరికీ ఉంది, ఎవరూ తెరవలేదు. చప్పుడు ఆగాక తెరిచారు.

గుమ్మం దగ్గర్నుంచి కెర్తి చాప దాకా మొక్కలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ వెదని పట్టుకెళ్ళినవే. కొన్నిటి కుండీలు పగిలి సగమే ఉన్నాయి, కొన్నిటికి అవీ లేవు. తమలపాకు తీగ తనంతట తను నడవలేక మునగ మొక్క భుజం పట్టుకుని వచ్చింది. ఒక్కదానికీ నిలువునా ప్రాణం లేదు. ఆకుల కొసలు మాడి, కాడలు వేలాడుతున్నాయి. ఈ వరసని చూసి ఇంట్లో ఉన్న కలబంద ఒకటి కూడా గబగబా వచ్చి చివర్న చేరినట్టుంది, దాని మట్టి ఇంకా తడిగా ఉంది.

"అయ్యో, ఇవి నా కుండీలు!" అంది వెదని.

"అమ్మో, ఇన్ని మందులా! నీకేమైందే కెర్తీ?" అని దర్పా గుండె పట్టుకున్నాడు.

కెర్తికి ఇవేవీ వినబడలేదు. ముందున్న పసుపు మొక్క ముందు గొంతుక్కూర్చుని, ఆకు వెనక్కి తిప్పి చూసింది. మొదట్లో వేలు పెట్టి మట్టి వాసన చూసింది. "ఎవరమ్మా నీకింత యూరియా పోసింది? వేళ్ళన్నీ మాడ్చేశారు కదే. అర్సా, నీళ్ళ బకెట్టు, బూడిద! ఆ తవుడు మట్టి కూడా పట్రా." వేళ్ళు కడిగింది, నల్లబడ్డ కొసలు గిల్లేసింది, బూడిద అద్ది పక్కన నీడలో పెట్టింది. తలెత్తకుండానే, "ఊఁ, తర్వాత రా," అంది.

మునగ మొక్క తమలపాకు తీగతో సహా ఒక అడుగు ముందుకి వేసింది. అందరి కళ్ళూ తెరిచి ఉండగానే వేసింది. వెనక ఉన్నవన్నీ తలో అడుగూ జరిగాయి.

రింతెన్ గోడ పట్టుకుని లేచింది. కాలీడ్చుకుంటూ వచ్చి కోడలి పక్కన కూలబడింది.

"తప్పు చదివానే," అంది. "అవి నీ మందులు కావు. రోగులు. వైద్యానికొచ్చారు నీ దగ్గరికి."

కెర్తి చేతులు ఆగిపోయాయి.

"నువ్వు బాగుచేసి పంపిన మొక్క మళ్ళీ అదే జబ్బుతో ఎప్పుడైనా వచ్చిందా?"

"లేదు."

"నాకు మనుషుల జబ్బే తెలుసు. మొక్కకి జబ్బు చేస్తే అది ఎక్కడికి పోతుందో ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఆలోచించలేదు, మందబుద్ధిదాన్ని!"

"మరి నాకు జ్వరమొచ్చినప్పుడు ఒక్కటీ ఎందుకు రాలేదు?" అంది కెర్తి. పదమూడేళ్ళ కోపం అది.

"నువ్వే లోపలికి వెళ్ళి కావలసింది తెంపుకున్నావుగా. ఏ మొక్కైనా చెయ్యి అడ్డం పెట్టిందా? నేనైనా అడగందే ఆకు కొయ్యను ఆ తోటలో. నీకైతే అడగక్కర్లేదనే అనుకున్నాయవి."

"పదమూడేళ్ళు, అత్తయ్యా!" అని కెర్తి భోరుమంది.

"అవునే తల్లీ. పదమూడేళ్ళు. తప్పంతా నాదే," అంది రింతెన్. పనిచేసే ఎడమచేత్తో కోడలి తల దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. మునగ మొక్క ఓపిగ్గా నిలబడింది.

అర్సా మాత్రం బూడిద బుట్టతో నిలబడి పిచ్చివాడిలా నవ్వుతున్నాడు. మధ్యాహ్నం బండి సంగతి ఎత్తే ధైర్యం అతనికి లేదు. కెర్తికి అసలది గుర్తే లేదు.

"జావ చల్లారిపోతోంది," అన్నాడు దర్పా మెల్లిగా. "చెట్లని ఎవరు తడతారో తేల్చండి."

"ఎవరో చెట్లే చెప్పాయి, వినబడలేదా నీకు?" అంది రింతెన్. "జావ మళ్ళీ వేడి చేద్దాం. ముందు దాన్ని రోగుల్ని చూడనీ."

అందరూ వెదని కోసం చూశారు. ఆమె చాప మీద లేదు. కత్తి మాత్రం ఒరతో సహా కెర్తి చాప మీద పెట్టి ఉంది. వెదని అప్పటికే గుమ్మం దాటి రోడ్డు మీదికి వెళ్ళింది. అక్కడ కాలవ గట్టున, విడిదికీ ఇంటికీ సగం దారిలో, నడవలేక ఒక సరస్వతి ఆకు మొక్క పడి ఉంది. వెదని దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. తెల్లబట్టల నిండా బురద. ఏమనుకుందో ఏమో, ఏడుస్తూనే గబగబా వచ్చి నేరుగా కెర్తి ముందు నిలబడింది.

"కెర్తీ, దీన్ని ముందు చూడవే. ప్రాణం పోయేట్టుంది."

కెర్తి ఆ మొక్క కాడని వేళ్ళతో పట్టి చూసింది. తర్వాత తోడికోడలి మొహం చూసింది.

"ఇంకా ఉందిలే అక్కా, పోదు," అంది. "వరసలో రా."

వెదని కిక్కురుమనకుండా వెళ్ళి కలబంద వెనక నిలబడింది.