బావగార్లు తెచ్చిన పడవ

వరదల్లో జనాన్ని కాపాడే మోటారు పడవ, లైఫ్ జాకెట్లు, వైర్‌లెస్ సెట్లు కొనుక్కోవడానికి సర్కారు గ్రాంటు ఇస్తుందని తెలిసి ఫైరాఫీసరు తెగ సంబరపడ్డాడు. ఆ సంబరం షరతు చదివేదాకానే. ఏటికి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్లూ కలిసి అడగాలట, కలిసి డ్రిల్లు చేసి చూపించాలట.

అవతలి ఊరి ఫైరాఫీసరు స్వయానా ఆయన వియ్యంకుడు. కిందటేడు వంతెన దగ్గర కలప డిపో తగలబడితే రెండు ఫైరింజన్లూ వెళ్లాయి. ముందు నీళ్లు కొట్టింది మేమంటే మేమని మొదలైన వాదన ముదిరి, ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి.

“చచ్చినా నేను ఫోన్ చెయ్యను,” అన్నాడు పుట్టింటికొచ్చిన కూతురితో.

“నువ్వెందుకు చెయ్యడం? నిన్ను కలవాలని మామయ్యగారే అడిగారు నాన్నా.”

“అలా దారికొచ్చాడన్నమాట!” అని మీసం దువ్వుకున్నాడు.

ఆ సాయంత్రం కూతురు అత్తారింటికి వెళ్లి, “మామయ్యగారూ, మా నాన్న మిమ్మల్ని కలవాలంటున్నారు,” అంది. ఆయనా మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు టీ కొట్టులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అవతలివాడు ఎప్పుడు బతిమాలతాడా అని చూస్తుండగానే టీలు చల్లారిపోయాయి.

“చెప్పండి,” అన్నాడు ఫైరాఫీసరు.

“మీరే చెప్పాలి. రమ్మన్నది మీరేగా?”

“నేనా? మీరు కదూ!”

మొహామొహాలు చూసుకున్నారు. ముందు వియ్యంకుడికి నవ్వాగలేదు. “నా కోడలు మనిద్దర్నీ బుట్టలో వేసింది బావగారూ!”

“ఎంతైనా నా కూతురండీ,” అన్నాడు ఈయన గర్వంగా.

అక్కడే కూర్చుని దరఖాస్తు పూర్తి చేశారు.

డ్రిల్లు చూడ్డానికి సర్కారు నుంచి ఒక మేడం వచ్చింది. అడిగి తెచ్చుకున్న చేపల పడవలో, పోలీసుల దగ్గర అరువు తెచ్చుకున్న వైర్‌లెస్ సెట్టుతో ఫైరాఫీసరు ఏట్లోకి దిగాడు. అవతలి గట్టున వియ్యంకుడు పడవకి కట్టిన తాడు పట్టుకున్నాడు. నడి ఏట్లోకి వచ్చేసరికి నీటి ఉరవడికి పడవ ఒక పక్కకి ఒరిగింది. కంగారులో వైర్‌లెస్‌లో చెప్పాల్సిన మాటలన్నీ మర్చిపోయి ఫైరాఫీసరు అరిచాడు.

“బావగారూ! తాడు కాస్త వదలండి!”

“వదిలితే మీరు కొట్టుకుపోతారు! నా కోడలికి నేనేం సమాధానం చెప్పను?”

“వదలకపోతే మునిగిపోతాను మహానుభావా!”

వియ్యంకుడు కొంచెం కొంచెంగా తాడు వదిలాడు. పడవ నిలదొక్కుకుంది. మునిగిపోతున్న మనిషికి బదులుగా నీళ్లలో వదిలిన గడ్డిబొమ్మను ఫైరాఫీసరు పైకి లాగాడు. రెండు గట్ల మీదా సిబ్బంది ఈలలు వేశారు.

మేడం పొట్ట పట్టుకుని నవ్వింది. “ఈ బావగారెవరండీ? కాగితాల్లో ఎక్కడా లేరే!”

సంగతి విన్నాక ఇంకా నవ్వింది. గ్రాంటు మంజూరైంది.

కొత్త పడవ వచ్చిన రోజు రెండు కుటుంబాలూ ఏటి ఒడ్డుకు చేరాయి. అందరికంటే ముందు కూతురు ఎక్కి మోటారు మీద చెయ్యి వేసింది.

“లైఫ్ జాకెట్టు బిగించుకోమ్మా!” నాన్నా మామగారూ ఒకేసారి కేకేశారు.

ఆమె ఎప్పుడో బిగించుకుంది. నవ్వుతూ మోటారు స్టార్ట్ చేసింది.