చేతి మీది పేరు

మధ్యాహ్నం దాటినా చెంచురామయ్య తోటలో చెరకు కొట్టుడు ఆగలేదు. చీకటి పడేలోగా బండ్లు బోధన్ ఫ్యాక్టరీకి చేరాలి. మగవాళ్లు నరికిన గడలకు ఆడవాళ్లు ఆకు దూసి, మోపులు కట్టి గట్టు మీదికి మోస్తున్నారు. ఈరవ్వ మోపు ఎత్తుకుంటుంటే గడ మొన తగిలి రవికె చెయ్యి మోచేతి దాకా చిరిగింది. మోపు దించితే మళ్లీ ఎత్తేవాళ్లు ఉండరు. అట్లాగే గట్టెక్కింది.

గట్టు మీద చెంచురామయ్య కోడలు రాధాకుమారి కూలీలకు మజ్జిగ పోస్తోంది. గుంటూరు వైపు నుంచి వచ్చి, కాలువ కింద భూములు కొనుక్కుని ఎడపల్లిలో స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఆ అమ్మాయి చదువుకున్నది. లోటా అందుకోబోయిన ఈరవ్వ ముంజేతి మీద పచ్చబొట్టు చూసి, ఏ చెడు తలంపూ లేకుండానే పైకి చదివింది.

"పోశయ్య... ఎవరే పోశయ్య? మీ ఆయన పేరు రాందాసు కదూ?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బండి మీద గడలు సర్దుతున్నవాళ్లలో ఒకడు పక్కున నవ్వాడు. ఆ బండి రాందాస్‌దే. అతను తల ఎత్తలేదు. చేతిలోని తాడును, బిగుసుకున్న తర్వాత కూడా, లాగుతూనే ఉన్నాడు.

పోశయ్య ఈరవ్వ మొదటి మొగుడు. ధర్పల్లి దగ్గర ఆమె పుట్టిన ఊరే అతనిదీ. కూలికి పోయి వచ్చి, రాత్రిబడిలో దీపం ముందు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ జాతరకు పోయారు. పచ్చబొట్లు పొడిచే ఆమెకు చదువు రాదంటే, పోశయ్యే బొగ్గు ముక్కతో పెళ్లాం చేతి మీద తన పేరు రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. 'శ' మిగతావాటి కంటే పెద్దదైంది. ఆ గీతల మీదనే సూది నడిచింది. వచ్చే జాతరకు నీ పేరు నా చేతి మీద పొడిపించుకుంటానన్నాడు. ఆ జాతర రాకముందే చెరకుతోటలో పాము కరిచి చనిపోయాడు. అతని చేత్తో రాసినది లోకంలో ఇంకేదీ మిగల్లేదు.

కొన్నాళ్లు ఈరవ్వ అన్న ఇంట్లో, వదిన కళ్లముందు బతికింది. తర్వాత కులపెద్దలు కూర్చుని రాందాస్‌కు మారుమనువు ఇచ్చారు. రాందాస్ చెడ్డవాడు కాడు. పెళ్లాం మీద చెయ్యెత్తడు. చేతి మీది పేరు ఎవరిదో అతనికి తెలుసు. ఇంట్లో ఎవరికీ చదువు రాదు కనుక, అదీ ఒక తీగో పువ్వో అనుకుని ఊరుకున్నాడు. నలుగురిలో చదివి వినిపించిన తర్వాత ఊరుకోలేకపోయాడు. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరసలో జతగాళ్లు అతని పేరే మార్చేశారు.

"ఓ పోశయ్యా, నీ బండి ముందటికి జరుపు!"

ఇంటికొచ్చి ఎడ్లకు మేత కూడా వేయకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"గా పేరు తీసెయ్యి," అన్నాడు.

"ఎట్ల తీస్తరయ్యా? తోల్ల కలిసిపోయింది గదా."

"ఎట్లనో నాకెరుకనా? నేను బతికుండంగనే నా ఇంట్ల ఇంకో మొగోని పేరు తిరుగుతున్నది."

మొదట ఈరవ్వ ఇంకో పొడుగు చేతుల రవికె కుట్టించుకుంది. పనిలో చెమటకు అది పైకి ఎగబాకేది. గుడ్డ చుట్టుకుంటే చూసేవాళ్లు ఇంకా ఎక్కువయ్యారు. బోధన్ అంగట్లో పచ్చబొట్లు పొడిచే ముసలామె ఆ చెయ్యి పట్టుకుని చూసి, మీద తులసికోట పొడిస్తే అక్షరాలు అందులో మునిగిపోతాయంది. రాందాస్ ఒప్పుకోలేదు.

"మునుగుతయి గని పోవు గదా. పైన తులసికోట, అడుగున ఆడే ఉంటడు."

నిజామాబాద్‌లో డాక్టరు మరో దారి చెప్పాడు. ఆ మేర తోలు కోసి తీసి, తొడ మీది తోలు తెచ్చి అతికించాలి. మానేదాకా దవాఖానాలో ఉండాలి, చెయ్యి కదపరాదు. చెరకు కొట్టే కాలంలో అంతటి తీరిక ఎవరికుంది? ఇద్దరూ బస్సెక్కి వచ్చేశారు.

ఇక అత్త భీమవ్వ పూనుకుంది. బోధన్ బజారులో మూలికలమ్మే దస్తగిర్ దుకాణానికి పోయి నల్లజీడి గింజలు అడిగింది. ఎందుకో తెలుసుకుని దస్తగిర్ పొట్లం కట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గది మందు కాదవ్వా, ఆగ్... అగ్గి ఉన్నట్టు. తోలు ఒక్కటే పోదు, లోపట నరం గూడ సస్తది. నేనియ్య."

జీడిగింజలు చాకలివాళ్ల ఇంట్లో దొరికాయి. బట్టల మీద గుర్తు పెట్టడానికి వాళ్లు వాడేవే. భీమవ్వ వాటిని నిప్పుల మీద కాల్చి నూనె తీసి, పక్కన సున్నం తడిపి పెట్టుకుని కోడలి ముందు కూర్చుంది.

"బిడ్డా, నా కొడుకు బువ్వ సక్కగ తింటలేడు. ఆడు నిన్ను ఇడిసిపెడితే నీ గతేంది, నా గతేంది? జర ఓర్సుకో."

ఈరవ్వ వద్దనవచ్చు. అన్న ఇంటి గడప గుర్తొచ్చింది. వదిన వడ్డించే తీరు గుర్తొచ్చింది. చెయ్యి చాపింది.

నూనె 'పో' మీద పడగానే ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. 'శ' మీదికి వచ్చేసరికి కొంగు కూడా ఆపలేకపోయింది. రాందాస్ లేచి ఎడ్ల దగ్గరికి పోయి, ఒక ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, ఆ కేకలు తగ్గేదాకా అక్కడే నిలబడ్డాడు.

చెయ్యి బొబ్బలెక్కింది, చీము పట్టింది. ఈరవ్వ జ్వరంలో పలవరించింది. భీమవ్వే వేపాకు నీళ్లతో కడిగింది, భీమవ్వే అన్నం ముద్దలు పెట్టింది. పుండు మానాక అక్కడ తెల్లగా, నున్నగా, వెంట్రుక లేని మచ్చ మిగిలింది. అక్షరాలు లేవు. రాందాస్ బోధన్ నుంచి ఆకుపచ్చ గాజులు తెచ్చి తనే తొడిగాడు. ఆ కొద్దినాళ్లు ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

ఒకనాడు తోటలో కూలీలందరికీ గంజి కాచే పని ఈరవ్వది. పొయ్యి మీది కుండ దించి, పక్కకు ఒరిగి గరిటెతో కలుపుతోంది. తోలు కాలిన వాసన వచ్చింది.

"ఈరవ్వా, నీ చెయ్యి! చెయ్యి కాలుతున్నది!" పక్కనున్న ఆమె అరిచింది.

ఈరవ్వ చూసుకుంది. తెల్ల మచ్చ కుండకు ఆని ఉంది. అప్పటిదాకా ఆమెకు తెలియలేదు.

తెల్ల మచ్చ, కాలినా నొప్పి తెలియకపోవడం. ఆ రెండూ కుష్ఠు గుర్తులని ఆ చుట్టుపక్కల ఊళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు ఆమె కాచిన గంజి ఎవరూ తాగలేదు. మేస్త్రీ బాపురావు దూరం నుంచే చెప్పాడు.

"రేపటి సంది పనికి రాకు. నువ్వొస్తే మిగిలినోళ్లు రామంటున్నరు."

"జీడితోని కాల్చిందన్నా. మా అత్తనడుగు."

"నాకెందుకమ్మా గవన్ని. పెద్ద రోగం పెద్ద రోగమే."

ఇంటి పట్టున కూర్చున్న ఆ రోజుల్లో ఈరవ్వ పొయ్యి ముందు బూడిద పరిచి వేలితో ఆ పేరు రాయాలని చూసింది. ఆమెకు వచ్చిన అక్షరాలు అవి మాత్రమే. అవీ బడిలో నేర్చినవి కావు, చేతి మీద చూసి చూసి నేర్చినవి. 'పో' వచ్చింది. 'శ' దగ్గర వేలు ఆగిపోయింది. ఎటు తిరిగి ఎటు వంగేదో గుర్తు రాలేదు. చేతిని చూసుకుంది. అక్కడ ఏమీ లేదు. పోశయ్యను సాగనంపిన నాడు ఎట్లా ఏడ్చిందో, అంతకంటే ఎక్కువ ఏడ్చింది.

రాందాస్ ఆమెను డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ ఆమె కళ్లు మూయించి, ఒళ్లంతా దూదితో తాకి, సూదితో గుచ్చి, చెవులు, వేళ్లు తడిమి చూసింది. మచ్చ మీద తప్ప అంతటా స్పర్శ ఉంది.

"ఆ జబ్బు కాదమ్మా ఇది. కాలిన మచ్చ. నరం చచ్చిపోయింది, అంతే. ఎవరు కాల్చారు?"

ఈరవ్వ రాందాస్ వైపు చూసింది. అతను గోడ వైపు చూశాడు.

"నేనే కాల్చుకున్న," అన్నది.

రోగం లేదన్న మాట ఎడపల్లిలో ఎవరి చెవికీ ఎక్కలేదు. "రోగం లేకుంటే డిచ్‌పల్లికి ఎందుకు పోయిండ్రు?" అన్నాడు బాపురావు. కులపెద్దలు కూర్చున్నారు. ఊరి బయట కాలువ గట్టున పాక వేసి ఆమెను అక్కడ ఉంచమన్నారు, లేదంటే రాందాస్ బండికి చెరకు ఎత్తేవాళ్లు ఉండరన్నారు. భీమవ్వ కాళ్లావేళ్లా పడింది. జీడి రాసింది తనేనని, నేరం తనదేనని నెత్తి కొట్టుకుంది. కోడలిని కాపాడుకోవడానికి ముసల్ది అబద్ధం ఆడుతోందన్నారు.

రాందాస్ ఒక పళ్లెం, గొంగడి, చిన్న కుండ మూట కట్టి గడప దగ్గర పెట్టాడు.

"కొన్ని దినాలే. ఊరు సల్లబడినంక తీస్కొస్త."

ఈరవ్వ ఆ మూట వైపు చూడలేదు.

"నీ ఇంట్ల ఉండనీకె ఆయనను కాల్చుకున్న. ఇప్పుడు నీ ఇల్లు ఇడిసిపెట్టి పొమ్మంటున్నవు. నేను పోను."

"గట్లంటె ఎట్లనే? నా బండి..."

"పోనంటున్న గదా."

దండెం కింద బోర్లించి ఉన్న ఇత్తడి బిందె తీసుకుని వాడకట్టు బావికి నడిచింది. ఆమె రావడం చూసి ఆడవాళ్లు బిందెలు అక్కడే వదిలి పక్కకు జరిగారు. ఈరవ్వ చేద వేసి నీళ్లు తోడింది. బిందె నిండింది. నెత్తికి ఎత్తుకోవాలంటే ఇంకొకరి చెయ్యి పడాలి.

"జర ఎత్తుండ్రి," అన్నది.

ఎవరూ కదల్లేదు. వెనకాలే వచ్చిన రాందాస్ సందు మొదట్లో నిలబడి ఉన్నాడు. ఆమె అతన్ని చూసింది.

"నువ్వన్నా వచ్చి ఎత్తయ్యా."

అతను ఒక అడుగు వేసి ఆగాడు. వాడకట్టంతా అతని కాళ్ల వంకే చూస్తోంది. ఈరవ్వ బిందె అంచున రెండు చేతులూ వేసి, అక్కడి నుంచి కదలకుండా నిలబడింది.