ఖాళీ గుంటల్లో ఊదా రంగు

పరిశోధకురాలు ఒక ఆకు సారాన్ని నరాల కణాల మీద పరీక్షిస్తోంది. ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో కణాలు పెంచి, ముందు సారం, తర్వాత పెరాక్సైడ్ పోసింది. పెరాక్సైడ్ కణాలను తుప్పు తిన్నట్టు తినేస్తుంది. చివర పసుపు ద్రావణం కలిపితే, బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి.

సారం పోసిన గుంటలన్నీ ముదురు ఊదా. ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. వెంటనే భర్తకు ఫోన్ చేసి, "మావయ్యగారి చేతుల వణుకుకు మందు దొరికినట్టేనండీ," అని చెప్పేసింది.

ల్యాబులో అందరూ అక్క అని పిలిచే సీనియర్ ప్లేటును వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఈ చివరి వరసలో ఏం వేశావే?"

"అక్కడికి కణాలు చాల్లేదక్కా. సారం, ద్రావణమే వేశాను."

"మరి అన్నిటికంటే అదే ముదురుగా ఉందేంటి? లేని కణాలను కూడా బతికించిందా నీ ఆకు?"

ఆమెకు అప్పుడు అర్థమైంది. రంగు మార్చింది కణాలు కాదు, సారమే.

"మొహం వేలాడేసుకోకు. సారం కడిగేశాక ద్రావణం వెయ్యి. అదీ నేనే చెప్పాలా?"

మళ్లీ కణాలు పెంచి, ఈసారి సారం శుభ్రంగా కడిగేశాకే ద్రావణం వేసింది. కణాలు లేని ఖాళీ వరస పసుపుగానే ఉండిపోయింది. సారం అందిన కణాల దగ్గర మాత్రం, కళ్లు చికిలించి చూస్తే తప్ప తెలియనంత లేత ఊదా.

భర్త ఫోన్ చేశాడు. "మందు ఎప్పుడొస్తుందని నాన్న అడుగుతున్నాడు."

"ఇంకా చాలా ఏళ్లు పడుతుందని చెప్పండి. కాకపోతే ఈసారి నిజంగా ఉన్న కణాలే బతికాయి."