గిటారు చెప్పిన కబూల్

సర్దార్ గిటారు మాట్లాడుతుందంటే ప్రొద్దుటూరులో మొదట ఎవరూ నమ్మలేదు. విన్నాక మాత్రం నోరు వెళ్ళబెట్టారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళు. మద్రాసులో కరెంటు గిటారు గొప్ప కాకపోవచ్చు గానీ, మా ఊళ్ళో దాన్ని చూడ్డానికే జనం నిలబడేవాళ్ళు. అలాంటిది అది "రా మామా" అని పిలిస్తే ఇంకేముంది, పెండ్లిళ్ళకు సర్దార్ బృందమే కావాలని ఎగబడ్డారు.

ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. పెండ్లి ఇండ్ల మీద కట్టే లౌడుస్పీకరు వెనక గుండ్రటి యూనిట్ ఒకటి ఉంటుంది. మోత పుట్టేది అందులోనే. సర్దార్ దాని పెద్ద మూతిని విప్పేసి, ఆ చోట రబ్బరు గొట్టం బిగించాడు. గొట్టం రెండో కొస తన నోట్లో. కాలి కింద ఒక చెక్క పెడల్. అది నొక్కితే గిటారు మోత గొట్టంలోంచి నోట్లోకి వస్తుంది. గొంతు విప్పకుండా నాలుకనూ పెదవులనూ మాట పలికినట్టు ఆడిస్తే, ఎదురుగా ఉన్న మైకులో గిటారే మాట్లాడినట్టు వినిపిస్తుంది.

చిక్కల్లా ఒకటే. గొట్టం నోట్లో ఉన్నంతసేపూ చొంగ కారుతూనే ఉంటుంది. గడ్డం మీదుగా చొక్కా మీదికి. సర్దార్‌కు అదంటే చచ్చేంత సిగ్గు. అందుకే ఎక్కడ వాయించినా ఒక గుడ్డ తెర కట్టించుకుని దాని వెనక కూర్చునేవాడు. మెప్పు కావాలి, మొహం మాత్రం కనపడకూడదు. అదీ ఆయన వరస.

జమ్మలమడుగులో దర్జీ లాల్ బాషా కూతురు హసీనా పెండ్లికి ఈ బృందాన్నే పిలిచారు. కరెంటు గిటారని వినడమే గానీ, అది మాట్లాడుతుందని ఆ పెండ్లివాళ్ళెవరికీ తెలియదు. పెండ్లికొడుకు వాళ్ళది పులివెందుల. అతని తండ్రి అలీ అహ్మద్ చింతపండు వ్యాపారి. మర్యాద, మర్యాద అని మాటకు ముందోసారి వెనకోసారి అనే మనిషి. వీధిలో షామియానా వేశారు. సర్దార్ తెరను ఇంటి అరుగు మీద, ఆడవాళ్ళ గది కిటికీకి ఆనించి కట్టారు.

మా వైపు ముస్లిముల పెండ్లిలో పెండ్లికూతురి ఒప్పుదల బయటికి వినపడదు. వకీలుగా ఒక పెద్దమనిషి, ఇద్దరు సాక్షులు లోపలికి పోయి అడుగుతారు. ఆమె తల వంచుకుని, కబూల్ హై, అంటే ఒప్పుకున్నాను అని మెల్లగా అంటుంది. వాళ్ళు బయటికొచ్చి ఖాజీకి చెబుతారు. ఆ గొంతు వీధిలో మగవాళ్ళ చెవిన పడిందంటే ఇక ఆ ఇంటి పరువు పోయినట్టే లెక్క.

నిఖా అయిపోగానే గిటారు చేత ఆ మాటే అనిపించి అందరినీ నవ్వించాలని సర్దార్ సరదా. దానికోసం వారం రోజులు సాధన చేశాడు. మగవాళ్ళు ఇంకా సర్దుకుని కూర్చుంటుండగా, తెర వెనక మెల్లగా ఒకసారి సరిచూసుకుందామని గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. మైకు ఆపేసి ఉందని ఆయన నమ్మకం. మైకుసెట్టు ఆదినారాయణేమో, ఖాజీ కోసమని అప్పుడే ఉన్న మైకులన్నీ తెరిచేసి టీ తాగడానికి పోయాడు.

"కబూల్ హై!"

మిద్దె మీది లౌడుస్పీకరు వీధి చివరిదాకా కూసింది. ముక్కుతో మాట్లాడినట్టున్న ఆ గొంతు ఆ పాత మైకులో అచ్చం ఆడగొంతులాగే వినపడింది. కుర్రకారు ఈలలు వేశారు. ఎవరో పగలబడి నవ్వారు. వకీలూ సాక్షులూ లోపలికే పోలేదు, ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగనే లేదు. అలాంటప్పుడు ఆమె ఎందుకంటుంది అని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

అలీ అహ్మద్ లేచాడు. "ఏంది లాల్ బాషా ఇది? అడక్కముందే మైకు పట్టుకోని కూసే పిల్లనా మాకిస్తాండావు? లేయండప్పా, పోదాం. ఈ సంబంధం మాకొద్దు."

లాల్ బాషా మొహం మాడిపోయింది. విసురుగా లోపలికి పోయాడు. సర్దార్ తెర వెనకే ఉన్నాడు. కిటికీ అవతల జరిగేదంతా వినపడుతూనే ఉంది.

"సిగ్గు లేదా నీకు? నా పరువు బజార్న పెడ్తివి గదే!"

చెంప మీద దెబ్బ.

"నేను నోరే తెరవలేదు అబ్బా," అని తండ్రితో అంటోంది హసీనా.

"మళ్ళీ అబద్ధమా?" ఇంకో దెబ్బ.

సర్దార్ మైకు తీగ పీకేశాడు. అంతవరకే చేతనయింది. లేచి పోయి చెప్పాలి. ఆ మాట నాది, ఆ పిల్లది కాదు అని చెప్పాలి. లేవబోయాడు. గడ్డం నిండా చొంగ, చొక్కా ముందంతా తడి. ఈ మొహంతో ఇంతమంది ముందుకు ఎట్లా పోవడం? పోతే ఇక తనను పెండ్లికి పిలిచేదెవరు? పెద్దవాళ్ళే ఏదో సర్దుకుంటారులే అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఆయన మీద ఆయనకే అసహ్యం వేసింది. అయినా కూర్చునే ఉన్నాడు. పులివెందుల వాళ్ళు బస్సు ఎక్కడం మొదలుపెట్టారు. లోపల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. హసీనా గొంతు మాత్రం మళ్ళీ వినపడలేదు.

ఆఖరికి తెర తోసుకుని బయటికి వచ్చాడు.

"పెద్దాయనా, ఆ కూత నా గిటారుది. ఆ బిడ్డకు దాంతో సంబంధం ల్యా."

"గిటారు యాడైనా కబూల్ అంటాదా?" అన్నాడు అలీ అహ్మద్. "పెండ్లి నిలబెట్టేకి వీడు కతలు చెప్తాండాడు. నిజమైతే ఈడనే అనిపించు, చూద్దాం."

గిటారూ పెడలూ మైకూ షామియానా నడుమకు తెప్పించుకుని, అందరి ఎదుటా సర్దార్ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. మొదటిసారి 'వావ్' అని మూలుగు తప్ప ఏమీ రాలేదు. పిల్లలు గొల్లున నవ్వారు. చొంగ గడ్డం మీంచి గిటారు మీదికి కారుతోంది. తుడుచుకోలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ పెడల్ నొక్కాడు.

"కబూల్ హై."

అలీ అహ్మద్ నవ్వేశాడు. "సరేలే, సిగ్గు లేంది గిటారుకే గదా. కూర్చోండప్పా." బస్సు ఎక్కినవాళ్ళు దిగారు. వకీలూ సాక్షులూ లోపలికి పోయారు. సర్దార్ గుండెల మీద బరువు దిగినట్టయింది.

వాళ్ళు తిరిగొచ్చి ఖాజీ ముందు నిలబడ్డారు. వకీలు గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల ఒప్పుకోలేదు. నోరు తెరవలేదని చెప్పినా నా మాట ఒక్కరూ నమ్మలేదు, అడక్కముందే తప్పు పట్టే ఇంటికి నేను పోను అంటాండాది. కబూల్ లేదంట."

ఈసారి తల దించుకోవలసి వచ్చింది అలీ అహ్మద్‌కు. కొడుకును కాదన్నారని పులివెందులలో చెప్పుకోవాలి మరి. గబుక్కున ఖాజీ వైపు తిరిగాడు. "ఇందాక మైకులో ఊరంతా విన్యారు గదా! అదే చాలు. చదవండి నిఖా." ఇంతకుముందు ఏ మాటకు పరువు పోయిందో, ఇప్పుడు ఆ మాటే ఆయనకు ముద్దొచ్చింది.

లాల్ బాషా సర్దార్ చేతులు పట్టుకున్నాడు. "నీ కాళ్ళు మొక్కుతా. ఆ మాట మా పిల్లదే అని చెప్పప్పా. నువ్వు చెప్పింది అబద్ధమని ఒక్క మాట అను. మా ఇల్లు నిలబడతాది."

సర్దార్‌కు ఏడుపు వచ్చింది. ఆ ముసలాయన మొహం చూడలేకపోయాడు. కానీ ఈసారి ఆలస్యం చేయలేదు.

"మామా, ఆ మాట నాది. ఆ బిడ్డ మాట ఇప్పుడు వకీలు సాబ్ చెప్పిందే."

"పిల్ల కాదన్నాక నిఖా లేదు," అని ఖాజీ లేచిపోయాడు.

ఆ తర్వాత తిట్టని వాళ్ళు లేరు. పెండ్లి చెడగొట్టినవాడని చొక్కా పట్టుకున్నారు. ఆదినారాయణ అడ్డం పడి విడిపించాడు. సర్దార్ అరుగు మీదికి పోయి తెర విప్పి, తీగలు చుట్టసాగాడు. కిటికీ వెనక గాజులు కదిలాయి.

"సర్దార్ భాయ్."

తల ఎత్తకుండానే "చెప్పు చెల్లీ" అన్నాడు. మెచ్చుకుంటుందేమోనని లోపల ఎక్కడో చిన్న ఆశ.

"అబ్బా నన్ను కొట్టేటప్పుడు నువ్వు ఈడనే ఉన్యావు గదా?"

"ఉన్యా."

"మొదటి దెబ్బ విన్యావు గదా?"

"విన్యా."

"మరి ఏమిటికి కూర్చున్యావు?"

సర్దార్ తీగను ఆఖరి కొసదాకా చుట్టాడు. చుట్టడానికి ఇంకేమీ మిగలలేదు.

"చొంగ కారుతాండె చెల్లీ," అన్నాడు. "సిగ్గయింది."

మెల్లగా కిటికీ తలుపు మూసుకుంది.